స్ట్రైప్డ్ బాస్ చేప కోసం డార్టర్ ఎరను ఎక్కడ వాడాలి, ఎంత వేగంగా లాగాలి?

ప్రవాహం బలంగా ఉన్నచోటే డార్టర్ వాడాలి, రీలు మాత్రం నెమ్మదిగా, ఆపకుండా చుట్టాలి. ఈ కృత్రిమ ఎరకు మూతి దగ్గర ఎరను నీటిలోకి దించే రేకు ఉండదు, తల ఏటవాలుగా చెక్కి ఉంటుంది. నీరు ఆ వాలును ఒత్తితేనే ముక్కు కిందికి దిగి, ఎర అటూ ఇటూ జారుతూ ఈదుతుంది. కదలని నీళ్లలో అది దాదాపు కర్రముక్కే. న్యూయార్క్ రాష్ట్రంలోని మాంటాక్ కొసన రాత్రిపూట ఒడ్డు నుంచి ప్రవాహానికి ఎగువగా విసిరి, ఎర అడ్డంగా కొట్టుకొస్తుంటే దారం వదులవకుండా మెల్లగా చుడతారు. అక్కడ పసుపు రంగుకి పేరెక్కువ, కానీ రంగు కంటే ప్రవాహమే ముఖ్యం. 'డార్ట్' అంటే దూసుకుపోవడం కదా అని చాలామంది రాడ్‌ని కుదుపుతూ గబగబా లాగుతారు. అలా లాగితే ఎర నీటిలో పట్టు తప్పుతుంది, ఆ ఈత పోతుంది.