వాంపైర్ కథల పుస్తకం మొదటి కథ దగ్గరే ఆగిపోతే: సమాధానం

పాత ఇంగ్లీషు వాంపైర్ (మనుషుల రక్తం తాగి బతికే పిశాచం) కథల సంకలనం మొదలుపెట్టి, పాలిడోరి ‘ది వాంపైర్’ దగ్గరే ఆగిపోయానని, మిగతావీ ఇలాగే ఉంటే వదిలేస్తానని రాశారు. వదలకండి. ఇలాంటి పుస్తకాల్లో కథల్ని చాలాసార్లు సంవత్సరాల వారీగా పేరుస్తారు. అందుకే 1819 నాటి ఆ బరువైన వాక్యాలు గుమ్మంలోనే ఎదురయ్యాయి.

మీరిచ్చిన జాబితాలో మేరీ విల్కిన్స్ ఫ్రీమన్ రాసిన ‘లుయెల్లా మిల్లర్’ (1902) ఉంది కదండీ, ముందు అది చదవండి. కోరలు లేవు, శవపేటిక లేదు. లుయెల్లాకు ఏ పనీ చేతకాదు. బడిలో ఆమె బదులు పాఠాలు చెప్పిన అమ్మాయి నీరసించి చనిపోతుంది. తర్వాత భర్త, ఆ తర్వాత ఆడపడుచు కూడా అలాగే. ఊళ్లో ఒక ముసలావిడ చెబుతున్నట్టు సాగుతుంది కాబట్టి భాష కూడా తేలికే. నాకైతే ఇలాంటి సంకలనాల్లో ఇంతకంటే గట్టి కథ కనిపించలేదు.

తర్వాత బెన్సన్ ‘మిసెస్ ఆంవర్త్’. ఇండియా నుంచి తిరిగొచ్చిన జడ్జి భార్య, విధవరాలు, అందరితో కలుపుగోలుగా ఉండే మనిషి. భయమంతా ఆ కలుపుగోలుతనంలోనే ఉంది. లె ఫాను ‘కార్మిల్లా’ పెద్దది, దానికి రెండు మూడు రాత్రులు ఇవ్వండి.

పాలిడోరిని చివరికి ఉంచుకోండి. ఏడాది మీద ఒక రోజు వరకు నోరు విప్పనని ఆ కథలోని కుర్రాడు ఆబ్రీ చేసే ప్రమాణం అప్పుడు బాగా పట్టుకుంటుంది. ఒకే రాత్రి రెండు కథలు మాత్రం చదవకండి, ఒకదాని రుచి ఇంకోదానికి అంటుకుంటుంది.