హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడ్డ సెటిలర్ల సీటు కదా, మరి 2018లో టీడీపీ నుంచి నిలబడ్డ ఎన్టీఆర్ మనవరాలు సుహాసిని ఎందుకు ఓడిపోయారు?

మాది కేపీహెచ్‌బీ, అంటే కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ. తక్కువ ఆదాయం వాళ్లకి కట్టిన ఎల్‌ఐజీ ఇల్లు. మా నాన్న తెనాలి దగ్గర ఊరి నుంచి బాలానగర్‌లో లేత్ మిషన్ పనికి వచ్చి, హౌసింగ్ బోర్డు ఇల్లు వాయిదాల మీద కొనుక్కుని ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టింది, చదివింది, ఓటేసింది అన్నీ ఇక్కడే. అయినా ఎన్నికలు వచ్చాయంటే టీవీల వాళ్లకి నేనూ సెటిలర్‌నే. కాబట్టి ఈ ప్రశ్నకి నా లెక్క నేను చెప్తాను.

అసలు 2009కి ముందు కూకట్‌పల్లి అనే నియోజకవర్గమే లేదు. మేం ఖైరతాబాద్ ఓటర్లం. ఇక్కడి నుంచి అక్కడికి అంతా ఒకే సీటు! ఎమ్మెల్యే అంటే మాకు పీజేఆరే, కాంగ్రెస్ నాయకుడు పి. జనార్దన్ రెడ్డి. 1999లో మాత్రం సీబీఐ మాజీ డైరెక్టర్ కె. విజయరామారావు టీడీపీ తరఫున ఆయన్ని ఓడించారు, 2004లో మళ్లీ పీజేఆర్ గెలిచారు. మా ఇంట్లో దేవుడి గూటి పక్కనే కృష్ణుడి వేషంలో ఎన్టీఆర్ క్యాలెండర్ ఉండేది. దానికి దణ్ణం పెట్టుకుని వెళ్లి మా నాన్న పీజేఆర్‌కి ఓటేసి వచ్చేవాడు. అదేంటి నాన్నా అంటే, "మా వర్క్‌షాపుకి తాళం వేసిన రోజు గేటు దగ్గరికి ఎవరొచ్చార్రా?" అనేవాడు. మీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉందని నాకు అనిపిస్తుంది.

నియోజకవర్గాల పునర్విభజనలో ఖైరతాబాద్‌ని విడగొట్టి కూకట్‌పల్లిని చేశారు. ఇందులోనూ ఒక తిరకాసు ఉంది. హైదర్‌నగర్, ఆల్విన్ కాలనీ, వివేకానందనగర్ వాళ్లు ఎక్కడుంటారంటే కూకట్‌పల్లి అనే చెప్తారు, ఓటు మాత్రం శేరిలింగంపల్లిలో వేస్తారు. మీరు చూసిన 'కూకట్‌పల్లి ఆంధ్రావాళ్ల' లెక్కల్లో వీళ్లని కూడా కలిపేసి ఉంటారు.

కొత్త సీటుకి తొలి ఎమ్మెల్యే లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ్. 2009 ఏప్రిల్‌లో మా రోడ్డు నిండా ఈలలే. ఆ పార్టీ గుర్తు ఈల కదా, పిల్లలకి ఆట దొరికింది. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చనివ్వరని మా అమ్మ తిట్టుకుంటూనే ఈలకే ఓటేసింది. కాంగ్రెస్ మీద 15 వేలకు పైగా మెజారిటీతో ఆయన గెలిచారు. రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి వచ్చింది ఈ ఒక్క సీటే. అదే చెబుతోంది కదా, అది కులం ఓటో జిల్లా ఓటో కాదని. చదువుకున్నవాళ్లు, ఐటీ కుర్రాళ్లు, విసుగెత్తిన మధ్యతరగతి కలిసి వేసిన ఓటు అది. ఎమ్మెల్యే పని చట్టాలు చేయడం, మోరీలు చూడాల్సింది స్థానిక ప్రభుత్వం అని ఆయన వాదన. నూటికి నూరుపాళ్లు నిజం. కానీ వానాకాలంలో మ్యాన్‌హోల్ పొంగి గుమ్మం దాకా వచ్చినప్పుడు ఆ నిజంతో మాకేం పని జరగలేదు. 2014లో ఆయన మల్కాజిగిరి లోక్‌సభకి పోటీ చేసి ఓడిపోయారు.

2014 సంగతి వేరు. రాష్ట్రం విడిపోతోంది, ఇక్కడ మన పరిస్థితి ఏంటి అని ప్రతి ఇంట్లో టెన్షన్. మా పక్కింటాయన ఇల్లు అమ్మేసి విజయవాడ వెళ్లిపోదామా అని బేరాలు కూడా ఆడాడు. ఆ భయంతో పడ్డ ఓట్లకి టీడీపీ నుంచి మాధవరం కృష్ణారావు 43 వేల మెజారిటీతో గెలిచారు. తెలంగాణలో టీడీపీకి వచ్చిన 15 సీట్లలో ఎక్కువ భాగం హైదరాబాద్ చుట్టుపక్కలవే. తర్వాత వాళ్లలో చాలామంది టీఆర్ఎస్‌లోకి వెళ్లారు, మా ఎమ్మెల్యే కూడా. 2016 గ్రేటర్ ఎన్నికల్లో 150 డివిజన్లలో టీఆర్ఎస్‌కి 99 వస్తే టీడీపీకి ఒకే ఒక్కటి దక్కింది. అది మా కేపీహెచ్‌బీనే. టీ కొట్టు దగ్గర ఆ సంబరం ఏం చెప్పను! తర్వాత ఆ కార్పొరేటర్ కూడా టీఆర్ఎస్ గుర్తయిన కారెక్కేశారు.

ఇక 2018. ఎన్టీఆర్ కొడుకు హరికృష్ణ గారు ఆగస్టులో రోడ్డు ప్రమాదంలో పోయారు, నవంబర్‌లో ఆయన కూతురు సుహాసిని గారిని టీడీపీ అభ్యర్థిగా ప్రకటించారు. ప్రచారానికి ఉన్నది కొద్ది రోజులే. బాలకృష్ణ రోడ్ షో రోజు మా వీధి దద్దరిల్లిపోయింది. అప్పటికి మా పై అంతస్తు బాయ్స్ హాస్టల్‌కి ఇచ్చాం, ఇరవై రెండు మంది కుర్రాళ్లు. బాల్కనీ ఊగిపోయేలా "జై బాలయ్య" అన్నారు. ఆ ఇరవై రెండు మందిలో ఒక్కడికి కూడా ఇక్కడ ఓటు లేదు. అందరివీ ఊళ్లోనే. రోడ్ షోలో జనాన్ని చూసి లెక్కలు వేసినవాళ్లకి ఈ సంగతి తట్టినట్టు లేదు.

ఓటున్న మాలాంటి వాళ్లకి 2014 నాటి భయం అప్పటికి పోయింది. ఎవరూ ఎవర్నీ పొమ్మనలేదు, ఇళ్ల రేట్లు పెరిగాయి. ఇల్లు అమ్ముదామనుకున్న పక్కింటాయన ఇంకో ఫ్లోర్ వేసుకున్నాడు. పైగా కృష్ణారావు గారు పార్టీ మారినా మనిషి మారలేదు, పెళ్లికి పిలిస్తే వస్తారు, చావుకి పిలవకుండానే వస్తారు. మా అమ్మ సుహాసిని గారిని చూసి "పాపం, తండ్రి పోయిన పిల్ల" అని కళ్లు ఒత్తుకుంది. ఓటు మాత్రం కారుకే వేసింది. నాన్న పోలికే! సుహాసిని గారు ఓడిన తేడా 41 వేలు.

2023లో చంద్రబాబు అరెస్టయ్యాక ఇక్కడ ఐటీ వాళ్లు రోడ్డెక్కారు. ఆ కోపం బీఆర్ఎస్‌ని (టీఆర్ఎస్ కొత్త పేరు) ముంచుతుందని అందరూ అన్నారు, నేనూ అన్నాను. టీడీపీ పోటీలోనే లేదు, బీజేపీ పొత్తుతో జనసేన నిలబడింది. రాష్ట్రంలో కాంగ్రెస్ గెలిచింది, ఇక్కడ మాత్రం అదే కృష్ణారావు గారు ఈసారి 70 వేల మెజారిటీతో గెలిచారు. నా జోస్యం అంత గొప్పది మరి.

2024లో తెలంగాణ లోక్‌సభకి, ఆంధ్రా అసెంబ్లీకి ఒకే రోజు, మే 13న పోలింగ్ పెట్టారు. రెండు రోజుల ముందు రాత్రి జేఎన్‌టీయూ దగ్గర ట్రావెల్స్ బస్సుల కోసం జనం రోడ్డు మీదకి వచ్చేశారు. మా పై అంతస్తు మొత్తం ఖాళీ, వంటమనిషి కూడా వెళ్లిపోయింది. పోలింగ్ రోజు పొద్దున నేను బూత్‌కి వెళ్తే క్యూలో నా ముందు నలుగురే ఉన్నారు.