చెరువు పక్కన ఇల్లు: ఎఫ్‌టీఎల్ గీత తేలాకే ప్లాన్

ప్రశ్న: మేడ్చల్ జిల్లాలో ఒక చెరువు పక్కన 400 గజాల ప్లాటుకు అగ్రిమెంటు రాసుకుని ఐదు లక్షలు అడ్వాన్సు ఇచ్చాం. వెడల్పు 40 అడుగులు, పొడవు 90. ముందు రోడ్డు, వెనక చెరువు. అమ్మానాన్నలతో కలిసి ఉండేలా, ప్రకృతికి భారం కాని ఇల్లు కట్టుకోవాలని మా కోరిక. మట్టి ఇటుకలు, సోలార్, వాన నీళ్ల ట్యాంకు, వెనక చెరువు మీదికి చెక్క వరండా, స్నానాల నీళ్లను జమ్ము మొక్కల మడిలో వడకట్టి చెరువులోకి వదలడం... ఇలా ఆర్కిటెక్ట్ ప్లాన్ గీశారు. ‘వెనక 9 మీటర్లు వదిలితే చాలు, పర్మిషన్ ఆన్‌లైన్‌లో అప్పటికప్పుడే వచ్చేస్తుంది’ అంటున్నారు అమ్మేవాళ్లు. చెరువు 30 ఎకరాల పైనే ఉంటుందని ఊళ్లో చెప్పారు. రిజిస్ట్రేషన్‌కు ఇంకా రెండు నెలలుంది. చాలా టెన్షన్‌గా ఉంది. ముందుకు వెళ్లొచ్చా?

జవాబు: అమ్మా, రిజిస్ట్రేషన్‌కు ముందే అడిగి మంచి పని చేశారు. చెరువు ప్లాటు గొడవతో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది స్లాబు పడ్డాకే వస్తారు. అప్పుడు చెప్పడానికి నా దగ్గర కూడా పెద్దగా ఏమీ ఉండదు.

ముందు ఆ 9 మీటర్ల మాట చూద్దాం. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 భవన నిబంధనల ప్రకారం, పది హెక్టార్లు అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేని ఖాళీ జాగా, వదలాలి. అంతకంటే చిన్న చెరువులకు, కుంటలకు, శిఖం (చెరువు మునక) భూములకు 9 మీటర్లు. పది హెక్టార్లంటే 24 ఎకరాల 28 గుంటల పైచిలుకు. ఊళ్లో చెప్పినట్టు చెరువు 30 ఎకరాలే అయితే మీకు వర్తించేది 30 మీటర్లు, అంటే 98 అడుగులు. మీ ప్లాటు పొడవే 90 అడుగులు! ఎఫ్‌టీఎల్ గీత మీ వెనక హద్దును తాకుతూ ఉంటే ప్లాటు మొత్తం బఫర్‌లోనే ఉన్నట్టు. గీత వెనక హద్దుకు 40 అడుగుల అవతల ఉందనుకోండి, అప్పుడు కూడా వెనక 58 అడుగులు పోయి రోడ్డు వైపు 32 అడుగులే మిగులుతాయి. అందులోంచే ఇంటికి ముందు, వెనక, పక్కల ఖాళీ జాగాలు (సెట్‌బ్యాక్‌లు) వదలాలి. బఫర్ కోసం వదిలిన జాగాను సెట్‌బ్యాక్ కింద లెక్క వేసుకోవడానికి నిబంధన ఒప్పుకోదు. మీ ఆర్కిటెక్ట్‌కు ఈ లెక్క ఎవరూ చెప్పి ఉండరని నా అనుమానం.

ఇంటర్నెట్‌లో 75 మీటర్లు అని కూడా కనిపిస్తుంది, కంగారు పడకండి. అది బెంగళూరు చెరువుల విషయంలో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పిన దూరం. 2019లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

అసలు మెలిక ఎఫ్‌టీఎల్ దగ్గర ఉంది. మీరు ప్లాటు చూసిన రోజు నీళ్లు ఎక్కడున్నాయో దాంతో ఈ గీతకు సంబంధం లేదు. చెరువు నిండి, అలుగు మీంచి నీళ్లు పొర్లడానికి సిద్ధంగా ఉన్నప్పటి మట్టమే ఎఫ్‌టీఎల్. అలుగు ఎత్తును ఆధారంగా తీసుకుని, అదే ఎత్తు చెరువు చుట్టూ నేలను ఎక్కడెక్కడ తాకుతుందో కొలిచి గీత గీస్తారు. మన దగ్గర చెరువు లోపలి నేల చాలా చదునుగా ఉంటుంది. 50 అడుగులకు ఒక అడుగు వాలు ఉందనుకుంటే, మట్టం ఒక్క అడుగు పెరిగేసరికి నీళ్లు 50 అడుగులు ముందుకొస్తాయి. ఎండాకాలంలో ఎక్కడో దూరంగా మెరిసే నీళ్లు చూసి ‘చాలా జాగా ఉంది కదా’ అనుకునేది అందుకే.

ఇంకో మాట. అలుగు పారుతున్నప్పుడు చెరువులో మట్టం ఎఫ్‌టీఎల్‌ను దాటి ఉంటుంది. కాబట్టి చట్టం గీసిన గీతకు బయట ఉన్నంత మాత్రాన వరద రాదని కాదు. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీ వైపు గుర్రం చెరువు కట్ట తెగి కింది బస్తీలు ఎలా మునిగాయో చూశాం. ప్లాటుకు వెళ్లినప్పుడు అక్కడి తుమ్మచెట్ల మొదళ్లు చూడండి. ఎండిన ఒండ్రు చార ఏ ఎత్తున ఉందో చేత్తో తాకి చూడండి. అక్కడ చేపలు పట్టేవాళ్లను ‘అలుగు పారిన ఏడాది నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి’ అని అడగండి. కోర్టులో ఇది సాక్ష్యంగా నిలవకపోవచ్చు, మీ ఇంటి పునాది ఎత్తుకు మాత్రం ఇంతకంటే మంచి సమాచారం దొరకదు.

గీత తేల్చుకోవడానికి కాగితాలు కావాలి. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైటులో ఒక్కో చెరువుకు నంబరుతో ఎఫ్‌టీఎల్ మ్యాపు ఉంటుంది. అది ప్రిలిమినరీ నోటిఫికేషనా, ఫైనలా చూడండి. ప్రిలిమినరీ అయితే గీత మారే వీలుంది. తర్వాత మీ సర్వే నంబరు మీద నీటిపారుదల శాఖ, రెవెన్యూ శాఖ రెండూ కలిసి కొలిచి సంతకం చేసిన స్కెచ్ తీసుకోండి. ఒక్క శాఖ ఇచ్చిన ఎన్‌వోసీతో సరిపెట్టుకోవద్దు. పక్కనే ఊరి నక్షా, పాత రెవెన్యూ రికార్డులైన సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ పెట్టుకుని ఆ నంబరు ఎదురుగా ‘శిఖం’ అనే మాట ఉందేమో వెతకాలి. శిఖం పట్టా అయితే నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కే తప్ప ఇల్లు కట్టే హక్కు రాదు. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో కూడా చూడండి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) క్లీన్‌గా ఉంది, బ్యాంకు లోను ఇస్తానంది అన్నవి ఎఫ్‌టీఎల్ ప్రశ్నకు జవాబులు కావు.

నా క్లయింట్ ఒకాయన ఇలాగే నమ్మి కొన్నారు. కొలత రోజు నేనూ వెళ్లాను. ఎఫ్‌టీఎల్ హద్దురాయి ఎక్కడా కనిపించలేదు. చివరికి పక్క ప్లాటు ప్రహరీ వెనక, పొదల కింద, మట్టిలో సగం కూరుకుపోయి దొరికింది. ఆ రాయి మీంచి టేపు లాగితే ఆయన పడకగది మధ్యలోంచి వెళ్లింది. ఆయన భార్య ఆ టేపు వంక చూస్తూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నాకు ఇప్పటికీ అది కళ్లముందే ఉంది.

‘పర్మిషన్ అప్పటికప్పుడే వస్తుంది’ అన్న మాట నిజమే, ప్రమాదమంతా అక్కడే ఉంది. 2020 నాటి టీఎస్ బీపాస్ (ఆన్‌లైన్ భవన అనుమతుల) చట్టం కింద 500 చదరపు మీటర్ల లోపు ప్లాట్లలో పది మీటర్ల ఎత్తు వరకు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి ఇస్తారు. మీది సుమారు 334 చదరపు మీటర్లు, అందులోకి వస్తుంది. అయితే ‘ఈ స్థలం ఎఫ్‌టీఎల్‌లో, బఫర్‌లో లేదు’ అని హామీ ఇచ్చేది మీరే. అది తప్పని తేలితే అనుమతి రద్దవుతుంది, కూల్చివేత దాకా వెళ్తుంది. ‘సుప్రీంకోర్టు 15 రోజుల నోటీసు తప్పనిసరి అంది కదా’ అంటూ 2024 నవంబరు తీర్పు ప్రింటు పట్టుకుని చాలామంది వస్తున్నారు. నీటి వనరుల్లోని అక్రమ కట్టడాలకు ఆ ఆదేశాలు వర్తించవని అదే తీర్పులో రాసి ఉంది. 2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక హైదరాబాద్ చుట్టుపక్కల ఈ భయం ఎంత నిజమో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక మీ ప్లాన్. వెనక చెక్క వరండా వద్దు. బఫర్‌లో వినోదానికి, పచ్చదనానికి తప్ప కట్టడాలకు వీలు లేదు. ‘వరండా కూడా వినోదమే’ అని వాదించే లాయర్లు దొరుకుతారు, ఆ వాదన మీద మీ డబ్బు పెట్టకండి. ప్రహరీ గోడ కూడా అక్కడ కట్టొద్దు, గోరింటో వెదురో కంచెగా పెంచుకోండి. మట్టి పోసి నేల ఎత్తు చేద్దామని ఎవరైనా అంటే అసలే ఒప్పుకోకండి. అందులో ఒక్క గజమైనా ఎఫ్‌టీఎల్‌లోకి వస్తే వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కింద కేసు మీ మీద పడుతుంది.

స్నానాల నీళ్లు ఎంత వడకట్టినా చెరువులోకి వదలకండి. 1974 నీటి కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షన్ కాలుష్యాన్ని నీటి వనరుల్లోకి వదలడాన్ని నిషేధిస్తుంది. మడిలో శుభ్రమైన నీళ్లను మీ చెట్లకే పెట్టుకోండి. సెప్టిక్ ట్యాంకును రోడ్డు వైపుకు జరపమనండి. చెరువు పక్కన భూగర్భ నీరు పైపైనే ఉంటుంది, అక్కడ ఇంకుడు గుంత వానాకాలంలో తానే నిండిపోతుంది. అందుకని వాన నీళ్లను ట్యాంకులో పట్టుకోవాలన్న మీ ఆలోచనే బాగుంది. బోరు వేసేట్టయితే వాల్టా కింద ముందే అనుమతి తీసుకోండి. మట్టి ఇటుకలకు, సోలార్‌కు నా వైపు నుంచి ఏ అభ్యంతరమూ లేదు. ఇల్లు చిన్నదై రోడ్డు వైపుకు జరిగినా, కిటికీలోంచి చెరువు కనబడకుండా పోదు.

అడ్వాన్సు సంగతి. ‘బఫర్ హద్దు చూపే ఉమ్మడి స్కెచ్ ఇచ్చాకే రిజిస్ట్రేషన్ చేసుకుంటాం, స్థలం బఫర్‌లో పడితే అడ్వాన్సు తిరిగివ్వాలి’ అని అమ్మేవాళ్లకు ఈ వారమే స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి. కొనేవాళ్లు మామూలుగా కనిపెట్టలేని లోపం తమకు తెలిసి ఉంటే చెప్పాల్సిన బాధ్యత ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అమ్మేవాళ్ల మీద పెట్టింది. దాచారని తేలితే ఒప్పందం రద్దు చేసుకుని డబ్బు రాబట్టుకోవచ్చు. అది రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉన్న లేఅవుటా అని కూడా అడగండి, అలాగైతే రెరా దగ్గరికి వెళ్లే దారి కూడా ఉంటుంది. ప్లాటులో కొంత భాగమే బఫర్‌లోకి వచ్చి, మిగిలిన జాగాలో మీ నలుగురికీ ఇల్లు సరిపోతే కొనుక్కోవచ్చు. బఫర్ నేల మీ పేరు మీదే ఉంటుంది, కట్టుకోవడానికి మాత్రం ఉండదు. కాబట్టి ఆ గజాలకు ఇళ్ల స్థలం రేటు ఇవ్వకండి.

కొలత రోజు మీరూ, ఆర్కిటెక్టూ ఇద్దరూ అక్కడ ఉండండి. హద్దురాయి నుంచి టేపు లాగుతుంటే ఫొటోలు తీసుకుని, ఆ గీతను ప్లాన్ కాగితం మీద ఆయన చేతే ఎర్ర ఇంకుతో గీయించండి. రెండు నెలల్లో స్కెచ్ రాకపోతే గడువు పొడిగించినట్టు అమ్మేవాళ్లతో సంతకం పెట్టించుకోండి తప్ప, తొందరపడి రిజిస్ట్రేషన్‌కు వెళ్లొద్దు.