శ్రీశైలం దారిలో బైక్ పంక్చర్ అయితే ఎలా?

మహబూబ్‌నగర్ నుంచి శ్రీశైలానికి బైక్ మీద వెళ్తూ పంక్చర్‌కి ఏం సిద్ధం చేసుకోవాలని అడిగారు. కల్వకుర్తి దాకా టెన్షన్ లేదు, షాపులు దొరుకుతాయి. మన్ననూరు దాటితే నల్లమల అడవి, అక్కడ మన సామానే మనకు దిక్కు.

ట్యూబ్‌లెస్ టైరైతే పంక్చర్ కిట్, చిన్న పంపు చాలు. మేకు కనిపించగానే పీకకండి, గాలంతా పోతుంది. కిట్‌లో రెండు సూదులుంటాయి. ముందు జిగురు పట్టీని కన్నం ఉన్న సూదికి ఎక్కించి పెట్టుకోండి. తర్వాత మేకు పీకి, ఆకురాయిలా గరుకుగా ఉండే రెండో సూదిని రంధ్రంలో నాలుగైదు సార్లు ఆడించి తీసేసి, పట్టీ ఎక్కించిన సూదిని దూర్చి, పట్టీ రంధ్రంలోనే ఉండిపోయేలా ఆ సూదిని ఒక్క ఊపున లాగేయాలి. గాలి కొట్టి ఉమ్ము రాయండి, బుడగలు రాకపోతే బయల్దేరొచ్చు. టైరు పక్కభాగం చిరిగితే మాత్రం ఇది పనికిరాదు.

ట్యూబ్ టైరైతే కొత్త ట్యూబు, టైరును రిమ్ నుంచి ఊడదీసే లివర్లు, చక్రం విప్పే పానాలు ఉండాలి. ఇంటి దగ్గరే మెకానిక్ పక్కన కూర్చుని ఒకసారి విప్పి బిగించి చూడండి. రాత్రిపూట ఆ అడవి దారి మూసేస్తారు, అందుకే పొద్దున్నే బయల్దేరండి.