ఫిజిక్స్ చదివి తెలుగులో సైన్స్ చెప్తానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మాది కావలి. రొయ్యల మేత వ్యాపారం. అమ్మాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. బీటెక్ వద్దట, ఫిజిక్స్ చదివి సైన్సును జనానికి తెలుగులో చెప్పే పని చేస్తానంటోంది. ముందుగా యూట్యూబ్ ఛానల్ పెడుతుందట. మొన్న సెలవుల్లో శ్రీహరికోట నుంచి రాకెట్లను తూర్పుకు ఎందుకు పంపుతారో వాళ్ళ జేజిని కూర్చోబెట్టి చెప్పింది. ముచ్చటగానే ఉంది గానీ, దాంతో ఇల్లు గడుస్తుందా? ఎంసెట్ మానేస్తానంటే ఒప్పుకోవాలా?

జవాబు: ఇల్లు గడుస్తుందండీ. అయితే గడిపేది ఫిజిక్స్, సైన్స్ చెప్పడం కాదు. మీరిద్దరూ ఈ రెంటినీ ఒకే ఉద్యోగం అనుకుని వాదించుకుంటున్నట్టున్నారు.

ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ పేరు మీ అమ్మాయి వినే ఉంటుంది. 1938లో కొల్హాపూర్‌లో పుట్టారు, 2025 మేలో పుణెలో పోయారు. కేంబ్రిడ్జిలో ఫ్రెడ్ హోయల్ దగ్గర పరిశోధన చేసి, ఆయనతో కలిసి గురుత్వాకర్షణ మీద ఒక సిద్ధాంతం తయారుచేశారు. 1965లో పద్మభూషణ్ వచ్చేనాటికి ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా లేవు. 1972లో ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌కు ప్రొఫెసర్‌గా వచ్చారు. మరాఠీలో సైన్స్ కథలు రాసింది ఆ తర్వాతే. మరాఠీ విజ్ఞాన పరిషత్ పోటీకి కథ పంపుతూ, తన పేరు చూసి మొగ్గు చూపుతారేమోనని మారుపేరు పెట్టారు. బహుమతి వచ్చింది. 1988లో పుణెలో ఐయూకా అనే ఖగోళ పరిశోధన కేంద్రాన్ని స్థాపించారు. ఆటోగ్రాఫ్ అడిగిన పిల్లలకు, ఒక సైన్స్ ప్రశ్న పోస్టుకార్డు మీద రాసి పంపమనేవారు. జవాబు రాసి, కింద సంతకం పెట్టి పంపేవారు. 1996లో యునెస్కో వారి కళింగ బహుమతి ఇచ్చింది సైన్సును జనంలోకి తీసుకెళ్ళినందుకే. కానీ ఆయనకు నెలనెలా జీతం వచ్చింది పరిశోధన, బోధన ఉద్యోగాల నుంచి.

విశ్వం ఒక మహావిస్ఫోటంతో మొదలైందనే బిగ్ బ్యాంగ్ సిద్ధాంతాన్ని ఆయన చివరిదాకా ఒప్పుకోలేదు. తోటివాళ్ళలో ఎక్కువమంది అటువైపే ఉన్నారు. అయినా ఆయన మాటకు విలువ తగ్గలేదంటే, స్వయంగా లెక్కలు చేసి మాట్లాడే మనిషి కాబట్టే. ఎక్కడో చదివి తిరిగి చెప్పేవాళ్ళకు ఆ వెసులుబాటు ఉండదు.

తెలుగులోనూ ఇంతే. మహీధర నళినీమోహన్ ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో శాస్త్రవేత్త. కొడవటిగంటి రోహిణీప్రసాద్ భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేశారు, పైగా సితార్ వాయించేవారు. ఇద్దరూ ఉద్యోగం చేసుకుంటూనే తెలుగులో రాశారు. సైన్స్ ప్రచారం ఒక్కటే నమ్ముకుంటే ఎలా ఉంటుందో కూడా చెప్పాలి కదా. కేంద్ర ప్రభుత్వం ఇదే పని కోసం 1989లో పెట్టిన విజ్ఞాన్ ప్రసార్ సంస్థను 2023లో మూసేశారు. సైన్స్ మ్యూజియాల్లో, పత్రికల్లో ఉద్యోగాలు ఉన్నాయి, తక్కువే.

కాబట్టి దారి ఫిజిక్స్‌దే పట్టాలి. మీకు దగ్గరలో మంచిది తిరుపతి ఐసర్, ఏర్పేడు దగ్గర. సైన్స్ చదువుకూ పరిశోధనకూ కేంద్రం పెట్టిన సంస్థ. కావలి నుంచి గూడూరు మీదుగా రైల్లో వెళ్ళిరావచ్చు. డిగ్రీ, పీజీ కలిపి అయిదేళ్ళ బీఎస్-ఎంఎస్ కోర్సు. దేశంలో ఉన్న ఏడు ఐసర్లకూ కలిపి ఐఏటీ అనే ఒకే పరీక్ష. బెంగళూరు ఐఐఎస్సీ వాళ్ళ నాలుగేళ్ళ బీఎస్‌కూ ఆ స్కోరు పనికొస్తుంది. భువనేశ్వర్ నైసర్‌కు నెస్ట్ అని వేరే పరీక్ష రాయాలి. ఇవేవీ రాకపోతే కంగారు పడకండి. డిగ్రీలో ఫిజిక్స్ మేజర్ చదివి, జామ్ అనే పరీక్ష రాసి ఐఐటీలో ఎమ్మెస్సీకి వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ దారిలో నాకొక్కటే భయం: కాలేజీలో ల్యాబ్ నిజంగా నడుస్తోందా, రికార్డు మాత్రమే నడుస్తోందా అని. చేర్చేముందు మీరే వెళ్ళి చూడండి.

మీకు బీటెక్ అనే మాట ఉంటేనే నిద్రపట్టేట్టయితే ఇంజనీరింగ్ ఫిజిక్స్ ఉంది. కొన్ని ఐఐటీల్లో, తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో చెప్తారు. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి.

ఇక డబ్బు సంగతి. ఇది కూతురికీ వినిపించండి. పదిహేడేళ్ళ పిల్ల బీఎస్-ఎంఎస్ ముగించేసరికి ఇరవై రెండు. తర్వాత పీహెచ్‌డీ అయిదారేళ్ళు. నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్ళు నెలకు 37 వేలు, ఆపైన 42 వేలు. 2023 నుంచి ఇవీ రేట్లు. ఇంటి అద్దెకు వేరేగా ఇస్తారు. ఆ తర్వాత పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, అది మరో ఊళ్ళోనో మరో దేశంలోనో. స్థిరమైన ఫ్యాకల్టీ ఉద్యోగం దొరికేసరికి ముప్పై దాటడం మామూలే. ఈలోగా క్లాస్‌మేట్లు సాఫ్ట్‌వేర్లో చేరి ఫ్లాట్లు కొంటారు, చుట్టాలు పెళ్ళి మాటెత్తుతారు. ఆ టెన్షన్ ఎక్కువగా పడేది మీరే. మధ్యలో మనసు మారినా చదువు వృథా కాదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌తో లెక్చరర్‌గా వెళ్ళొచ్చు, లెక్కలు, ప్రోగ్రామింగ్ బాగా వస్తే డేటా ఉద్యోగాలకూ తీసుకుంటారు.

యూట్యూబ్ ఛానల్ ఇప్పుడే వద్దు. వీడియో పెట్టిన మర్నాటి నుంచి వ్యూస్ లెక్కపెట్టుకోవడమే సరిపోతుంది, ఇంటర్ గాలికి పోతుంది. పరీక్షలయ్యాక వేసవిలో రాయమనండి, తెలుగులో, ఒక్కో విషయం ఒక్కో పేజీ. జన విజ్ఞాన వేదిక వాళ్ళ చెకుముకి పత్రికకు పంపొచ్చు.

జేజికి చెప్పిన పాఠంతోనే మొదలుపెట్టమనండి. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి, శ్రీహరికోటలో నిలబడి ఉన్న రాకెట్‌కు సెకనుకు దాదాపు 450 మీటర్ల వేగం ఊరికే దొరుకుతుంది. ఇంతవరకు చెప్పి ఉంటుంది. మరి ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాన్ని మోసుకెళ్ళే పీఎస్‌ఎల్‌వీ తూర్పుకెందుకు పోదు? దక్షిణానికి వెళ్ళాలి, దారిలో శ్రీలంక ఉంది, దాని మీదుగా పోకూడదు. అందుకని వంపు తిరిగి వెళ్తుంది, మోయగలిగే బరువు తగ్గుతుంది. తమిళనాడులో కులశేఖరపట్నం దగ్గర చిన్న రాకెట్ల కోసం కొత్త కేంద్రానికి 2024లో శంకుస్థాపన చేయడానికి ఇదొక కారణం, అక్కడి నుంచి నేరుగా దక్షిణానికి పోవచ్చు. ఈ రెండో భాగం జేజికి అర్థమయ్యేలా, బొమ్మ లేకుండా, ఒక్క పేజీలో రాయగలిగితే పిల్లలో సరుకు ఉన్నట్టే. రాయలేకపోయినా ఫిజిక్స్ మానక్కర్లేదు. చెప్పడం తర్వాతైనా వస్తుంది, లెక్కల పునాది ఈ వయసులోనే పడాలి.

ఎంసెట్ రాయమనండి. సిలబస్ ఎటూ చదివేదే, ఒక పూట పని. ఐఏటీకి మాత్రం వేరుగా సిద్ధపడాలి. మూడు గంటల్లో 60 ప్రశ్నలు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు, బయాలజీ తలా 15. తప్పుకు ఒక మార్కు కోత. ఎంపీసీ పిల్లలు బయాలజీ చూసి ఆగిపోతుంటారు. అది పూర్తిగా వదిలేసినా మిగతా మూడింట్లో గట్టిగా చేస్తే సీటు వచ్చే అవకాశం ఉంది. అయినా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో జన్యుశాస్త్రం, జీవావరణం పాఠాలు చదువుకుంటే నాలుగైదు ప్రశ్నలు చేతికొస్తాయి. ఐఏటీ వెబ్‌సైట్ ఫిబ్రవరి చివరి నుంచే చూస్తూ ఉండండి. మీకు ఓబీసీ గానీ ఈడబ్ల్యూఎస్ గానీ వర్తిస్తే సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండాలి, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. రాష్ట్ర కౌన్సెలింగ్ కోసం తీసిన పాత కాగితం పట్టుకెళ్తే ఒప్పుకోరు, కాబట్టి ఏప్రిల్ మొదటి వారంలోనే సచివాలయంలో దరఖాస్తు పెట్టేయండి.