అమ్మకు టికెట్ కొనేముందు ఈ లెక్క వేసుకో

ఒరేయ్ శ్రీనూ,

చెల్లి పురిటికి అమ్మను డాలస్ పంపుతున్నావట, సంతోషం. కానీ నిన్న ఫోన్లో "రాత్రి 9కి ఎక్కితే పొద్దున 9కి దిగిపోతుంది మామయ్యా" అన్నావు చూడు, ఆ మాట మాత్రం అక్క ముందు అనకు, పన్నెండు గంటలే అనుకుని కూర్చుంటుంది. టికెట్ మీద ఎక్కే టైము ఇక్కడిది, దిగే టైము అక్కడిది. చలికాలంలో డాలస్ మనకంటే 11 గంటల 30 నిమిషాలు వెనక, కాబట్టి ఆ పన్నెండుకి ఇది కలుపు. ఇరవై మూడున్నర గంటలు! మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా వాళ్లు గడియారం గంట ముందుకు జరుపుతారు, అప్పుడు తేడా పదిన్నరే.

ఇక దూరం. గోడ మీది మ్యాపులో స్కేలు పెట్టి కొలవకు, అది అట్లాంటిక్ మీదుగా గీత గీయిస్తుంది. పిల్లల గ్లోబు ఉంటుంది కదా, దాని మీద దారం ఒక కొస హైదరాబాద్ దగ్గర, ఇంకో కొస డాలస్ దగ్గర పెట్టి బిగించి లాగు. దారం తనంతట తనే జారుకుంటూ పైకి పోయి రష్యా మీదుగా, ఉత్తర ధ్రువం పక్కనుంచి కెనడాలోకి దిగుతుంది. అదే దారాన్ని భూమధ్యరేఖ మీద పరిచి చూడు. 15 డిగ్రీలకో నిలువు గీత ఉన్న గ్లోబు అయితే ఒక్కో గడి దాదాపు 1,670 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గళ్లు దాటి వస్తుంది, అంటే సుమారు 14,400. నేరుగా విమానం లేదు కాబట్టి దుబాయ్ మీదుగా అయితే 2,550, ఆపైన 12,900, మొత్తం 15,450. వెయ్యి కిలోమీటర్ల చుట్టు, అంత దూరంలో అది పెద్ద లెక్క కాదులే. దుబాయ్ నుంచి డాలస్‌కి నెట్‌లో ఒకచోట 8,000 మైళ్లు, ఇంకోచోట 7,000 మైళ్లు కనిపిస్తే కంగారుపడకు, మొదటిది మామూలు మైలు, రెండోది ఓడలకీ విమానాలకీ వాడే నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు.

టైముకి నా లెక్క ఇది: దూరాన్ని 900తో భాగించి, విమానం రన్‌వే దాకా పాకడానికీ, ఆకాశంలోకి ఎక్కడానికీ కిందికి దిగడానికీ ముప్పావు గంట కలుపు. 12,900కి పదిహేను వస్తుంది. కానీ పదికిలోమీటర్ల ఎత్తున గాలి పడమర నుంచి తూర్పుకి జోరుగా వీస్తుంది, దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు, అందుకని పోయేటప్పుడు పదహారు దాటుతుంది, వచ్చేటప్పుడు పదిహేనులోపే అయిపోతుంది. దీనికి తోడు మూసేసిన దారులు. 2022లో అమెరికా విమాన సంస్థలకు రష్యా, 2025 ఏప్రిల్‌లో మన విమానాలకు పాకిస్తాన్ తమ గగనతలం మూశాయి, ఆ విమానాలు చుట్టు తిరగాల్సిందే. కంపెనీని బట్టి అదే ఊరికి గంటలు మారేది ఇందుకే.

నువ్వు చెప్పిన టికెట్టే తీసుకో: దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ మూడు గంటల పది నిమిషాలు, తర్వాత పదహారు గంటల ఇరవై నిమిషాలు. అక్క మోకాళ్లకి అసలు పరీక్ష ఆ చివరిదే. నడవ పక్క సీటు, వీల్‌చెయిర్ రెండూ బుకింగ్‌లోనే పెట్టించు. ఆ దుబాయ్ మధ్య టైముని రెండు గంటలకు కుదించే చవక టికెట్ దొరికినా నాకు చెప్పకుండా కొనకు.

మీ మామయ్య