గిట్టలో కుళ్లు కంపు

ప్రశ్న: పెళ్లి ఊరేగింపుల కోసం గుర్రాన్ని పెంచుతున్నాం. వానలు మొదలైనప్పటి నుంచి గిట్టల కింద నల్లటి జిగురు, కుళ్లు కంపు. వేపనూనె రాస్తున్నా తగ్గట్లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: తడి గిట్టకు నూనె రాస్తే తేమ లోపలే ఉండిపోతుందండీ. గాలి తగలని చోటే ఈ క్రిములు పెరుగుతాయి. ముందు సాలలో మూత్రానికి తడిసిన గడ్డిని రోజూ తీసేసి, పొడి రంపపు పొట్టు పరవండి. అసలు మందు అదే. రెండు పూటలా గిట్ట అడుగున, మధ్యలోని మెత్తటి భాగానికి ఇరువైపులా ఉన్న గాడుల్లో మట్టిని మొద్దు కొక్కెంతో మడమ నుంచి ముందుకు గీకండి. 2 లీటర్ల నీళ్లలో 2 గుప్పెళ్ల వేపాకు మరిగించి, చల్లార్చి కడగండి. గుడ్డతో తుడిచి, బాగా ఆరాకే నూనె, అదీ పల్చగా. రక్తం కారినా, కుంటినా చిట్కాలు ఆపి పశువైద్యుణ్ని పిలవండి. గుర్రాలకు ధనుర్వాతం తేలిగ్గా సోకుతుంది, ప్రాణం తీస్తుంది. టీకా వేయించకపోతే ఈ వారమే వేయించండి.